బ్యాటరీ చచ్చింది సరే, మిస్త్రీని చంపుతున్నదెవరు?

ముందే సాఫ్‌గా ఒక మాట చెప్పేస్తాను. కారు బ్యాటరీ చచ్చిపోవడం పెద్ద ముసీబత్ ఏమీ కాదు. సీసం ప్లేట్లు, వాటి మధ్య యాసిడ్. 1859లో ఫ్రాన్స్‌లో గాస్టోన్ ప్లాంటే చేసి చూపించిన చీజ్ అది. అప్పటి నుంచి డబ్బా మారింది, మూత మారింది, రేటు మారింది, ఉసూల్ మాత్రం మారలేదు. 1912లో కాడిలాక్ కారుకి సెల్ఫ్ స్టార్టర్ పెట్టాక హ్యాండిల్ తిప్పే బాధ తప్పింది, ఆ బాధ బ్యాటరీ నెత్తిన పడింది. ప్రతి బ్యాటరీకీ ఒక ఉమ్ర్ ఉంటుంది. మూడేళ్లో, నాలుగేళ్లో, అదృష్టం ఉంటే ఐదేళ్లో. మన ఎండలకి, గల్ఫ్ ఎండలకి ఇంకా ముందే పోతుంది. పోయినదాన్ని తీసి కొత్తది పెట్టాలి. అంతే కదా కహానీ?

ఒకప్పుడు అంతే. సెల్ఫ్ తీసుకోకపోతే పక్కింటి పిల్లాడు పరిగెత్తి సందు చివర షెడ్డు నుంచి మిస్త్రీ చాచాని పిలుచుకొచ్చేవాడు. చాచా చేతిలో పది నంబర్ స్పానర్, భుజం మీద రెండు లావుపాటి వైర్లు. "బ్యాటరీ బైఠ్ గయీ" అనేవాడు. టెర్మినల్ మీద తెల్లగా పేరుకున్న బూజు మీద వేడినీళ్లు పోసి, బ్రష్‌తో గీకి, బిగించేవాడు. చాలాసార్లు అక్కడితోనే బండి లేచేది. లేవకపోతే ఇంకో బండి నుంచి కరెంటు ఇచ్చేవాడు. అదీ కాకపోతే నలుగురం కలిసి తోసేవాళ్లం. చాయ్ తాగి, ఇచ్చింది తీసుకుని, సలాం చేసి వెళ్లిపోయేవాడు.

ఇప్పుడు అదే పది నిమిషాల పనిని కంపెనీలు ఒక పెద్ద ఆపరేషన్‌లా తయారుచేశాయి. ఈ పోస్టు రాయడానికి సబబ్ అదే. బ్యాటరీ సంగతి చిన్నది. దాని చుట్టూ వేసిన తాళాల సంగతి పెద్దది. ఆ తాళాల వల్ల పోతున్నది ఎవరి రోజీయో చూస్తే ఇంకా పెద్దది.

మన ఘరానాల్లో మామూలుగా జరిగేదే తీసుకోండి. రాయచోటిలోనో, నిజామాబాద్‌లోనో ఒక ఇల్లు. కొడుకు జిద్దాలో. చెమటోడ్చి పంపిన రియాల్‌తో ఇంటి ముందు కారు వచ్చింది. కొడుకు సెలవుల మీద వచ్చినప్పుడు తిరుగుతుంది. వెళ్లిపోయాక కవరు కింద పడుకుంటుంది. అబ్బాకి డ్రైవింగ్ రాదు, తమ్ముడు హైదరాబాద్‌లో చదువుకుంటున్నాడు. నెలన్నర తర్వాత ఏ షాదీకో, ఏ హాస్పిటల్‌కో వెళ్దామని తమ్ముడు వచ్చి కీ మీద బటన్ నొక్కుతాడు. కుయ్ మనదు, కయ్ మనదు. డోరు కూడా తెరుచుకోదు.

దానికి ఏ దిష్టీ తగల్లేదు. ఈ కాలం కారు నిద్రలో కూడా తింటుంది. లాక్ చేసి వెళ్లిపోయినా అలారం, రిమోట్ సిగ్నల్ కోసం కాచుకునే రిసీవర్, గడియారం, కంప్యూటర్ల జ్ఞాపకం అన్నీ కొద్దికొద్దిగా కరెంటు పీలుస్తూనే ఉంటాయి. 50 మిల్లీ ఆంపియర్ల దాకా మామూలే అంటారు. లెక్క వేయండి: రోజుకి 1.2 ఆంపియర్ అవర్. 45 ఆంపియర్ అవర్ బ్యాటరీ అయితే మూడు వారాల లోపే సగం ఖాళీ. అది కూడా బ్యాటరీ కొత్తదై ఉంటే. పైన ఒక జీపీఎస్ ట్రాకర్, ఒక డ్యాష్‌క్యామ్ బయట పెట్టించి ఉంటే ఇంకా తొందరగా. అలా ఖాళీగా పడి ఉన్నకొద్దీ ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, తర్వాత ఛార్జి చేసినా పూర్తిగా కోలుకోదు. ఇంటి నుంచి మస్జిద్‌కి, మస్జిద్ నుంచి ఇంటికి కారు తీసే పెద్దమనుషుల సంగతీ అంతే. సెల్ఫ్ కొట్టినప్పుడు పోయిన కరెంటు ఆ కొంచెం దూరంలో తిరిగి నిండదు.

సరే, బ్యాటరీ పోయింది. ఇప్పుడు తోసి స్టార్ట్ చేద్దామా? ఆటోమేటిక్ గేరు బండి తోస్తే స్టార్ట్ కాదు. గేరు లివర్ 'పీ'లో ఇరుక్కుని ఉంటే కదలను కూడా కదలదు. మాన్యువల్ గేరు ఉన్నా బ్యాటరీ పూర్తిగా ఎండిపోతే లాభం లేదు. పెట్రోల్ పంపు, ఇంజెక్టర్లు, కంప్యూటర్ అన్నిటికీ ముందు కరెంటు కావాలి. కొన్ని బండ్లలో బ్యాటరీ బోనెట్ కింద ఉండదు, డిక్కీలో ఉంటుంది. డిక్కీకేమో కరెంటు తాళం. బ్యాటరీ చూడాలంటే డిక్కీ తెరవాలి, డిక్కీ తెరవాలంటే బ్యాటరీ ఉండాలి. ఏ ఇంజనీర్ సాబ్ తెలివో కానీ, సలాం చెయ్యాల్సిందే.

ఈ మజ్బూరీలో కుటుంబం షోరూమ్‌కి ఫోన్ చేస్తుంది. అక్కడ మూడు జవాబులు తయారుగా ఉంటాయి. మా రిష్తేదార్లు, దోస్తులు నాకు చెప్పినవాటిలో ఊరు మారినా, బండి మారినా ఈ మూడు జవాబులు మారలేదు. ఒక్కొక్కటీ పరీక్షించి చూద్దాం.

మొదటిది: "లైట్లన్నీ వెలుగుతున్నాయి సర్, ఏదో పెద్ద ప్రాబ్లమ్ ఉంది, ట్రక్కు ఎక్కించి తీసుకురండి." వోల్టేజీ పడిపోయినప్పుడు కారులోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి సరిగా మాట్లాడుకోలేవు. అప్పుడు మీటరు మీద ఏబీఎస్ లైటు, స్టీరింగ్ లైటు, ఎయిర్‌బ్యాగ్ లైటు అన్నీ ఒకేసారి వెలగొచ్చు. స్కానర్ పెడితే పదీ ఇరవై కోడ్‌లు కనబడతాయి. వాటిలో చాలావరకు బ్యాటరీ బాగుచేసి కోడ్‌లు తుడిచేస్తే తిరిగి రావు. అందుకే సెన్సర్ మార్చాలి, మాడ్యూల్ మార్చాలి అని ఎవరైనా అంటే ముందు బ్యాటరీ వోల్టేజీ ఎంతో చెప్పమనండి. బండి కొన్ని గంటలు ఆగి ఉన్నాక 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 12 కంటే కిందకి వస్తే ఖాళీ. ఇంజన్ నడుస్తుండగా సుమారు 13.8 నుంచి 14.7 మధ్య ఉంటే డైనమో పని చేస్తున్నట్టు. కొత్త బండ్లలో ఛార్జింగ్‌ని కంప్యూటర్ తగ్గిస్తూ పెంచుతూ ఉంటుంది కాబట్టి ఒక్కసారి చూసి ఫైసలా చెయ్యకూడదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందకి జారిపోతే బ్యాటరీలో దమ్ము లేనట్టే, అంతకు ముందు 12.6 చూపించినా సరే. ఇదంతా కొన్ని వందల రూపాయల మల్టీమీటర్ చెప్పే సంగతి. వేల రూపాయల బిల్లు కట్టే ముందు తెలుసుకోవడం మన హక్.

రెండోది: "బయట బ్యాటరీ వేస్తే వారంటీ పోతుంది." ఇది వినగానే మనవాళ్లకి చెమటలు పడతాయి. భయపడకండి, వాళ్లనే ఒక సవాల్ అడగండి: "వారంటీ బుక్‌లో ఏ పేజీలో ఉంది, రాసి సంతకం పెట్టి ఇస్తారా?" ఎందుకు అడగాలో చెప్తాను. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీల మీద 2,544 కోట్ల రూపాయల పైచిలుకు జుర్మానా వేసింది. కసూర్ ఏమిటి? స్పేర్ పార్టులు, రిపేరు మాన్యువల్స్, స్కానింగ్ సామాను బయటి మెకానిక్‌లకు దొరక్కుండా కట్టడి చెయ్యడం. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు అని గుడ్డి షరతు పెట్టకూడదని ఆ ఆర్డర్‌లోనే ఉంది. బయటి పని సరిగా లేక ఏదైనా చెడిపోతే, ఆ చెడిపోయిన మేరకే వారంటీ నిరాకరించొచ్చు అని కూడా ఉంది. ఇది ఇన్సాఫ్ మాట. తర్వాత కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి, కోర్టుల చుట్టూ తిరిగాయి, జుర్మానాల లెక్క మారింది. అదంతా వకీళ్ల సంగతి. కానీ ఈ దేశంలో ఒక సర్కారీ సంస్థ కూర్చుని, విని, "ఇది జుల్మ్" అని రాసిపెట్టింది. ఆ కాగితం సంగతి కౌంటర్ దగ్గర కూర్చున్న సేల్స్ అబ్బాయికి తెలియకపోవచ్చు. మనకి తెలియాలి.

మూడోది: "కోడింగ్ చెయ్యాలి, మా దగ్గరే అవుతుంది." ఇందులో కొంచెం సచ్ ఉంది కాబట్టి ఇదే ఎక్కువ ఖతర్‌నాక్. కొన్ని బండ్లలో, ముఖ్యంగా ఖరీదైన జర్మనీ బండ్లలో, మైనస్ టెర్మినల్ మీద ఒక సెన్సర్ ఉంటుంది. బ్యాటరీలోకి ఎంత వెళ్తోంది, ఎంత బయటకి వస్తోంది, ముసలిదైందా అన్నది కనిపెడుతూ, దాని ప్రకారం కంప్యూటర్ ఛార్జింగ్ మారుస్తుంది. కొత్త బ్యాటరీ వేసి "ఇది కొత్తది" అని చెప్పకపోతే ముసలి బ్యాటరీకి పెట్టినట్టే మేత పెడుతుంది. దాన్ని రిజిస్ట్రేషన్ అంటారు. సరే, ఒప్పుకుందాం. కానీ మన మొహల్లాల్లో తిరిగే మామూలు చిన్న కార్లలో చాలావాటికి ఆ అవసరమే లేదు. గడియారం సరిచేసుకోవాలి, అద్దాల వన్ టచ్ మళ్లీ నేర్పాలి, కొన్నిటిలో స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి సెన్సర్‌కి గుర్తు చెయ్యాలి. అంతే. ఉన్న చోట ఉందని చెప్పడం ఇల్మ్. లేని చోట కూడా ఉందని చెప్పి డబ్బు గుంజడం ఝూట్.

ఇంకో సచ్ కూడా చెప్పాలి, లేకపోతే నేనూ వాళ్లలాంటివాణ్నే అవుతాను. సిగ్నల్ దగ్గర ఇంజన్ తనంతట తాను ఆగి, క్లచ్ నొక్కగానే లేచే బండ్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. వాటికి మామూలు బ్యాటరీ వేస్తే త్వరగా చస్తుంది. ఈఎఫ్‌బీ అనో, ఏజీఎం అనో రాసి ఉన్నది వెయ్యాలి, పాతదాని మీద ఏది రాసి ఉంటే అది. చవగ్గా వస్తుందని మామూలుది అంటగట్టే దుకాణందారు మన భాయ్ అయినా సరే, అది ధోకాయే.

కంపెనీల దలీల్ ఒకటి ఉంది. "ఇవి మామూలు బండ్లు కావు, చక్రాల మీద కంప్యూటర్లు. తెలియనివాడు చెయ్యి పెడితే మాడిపోతాయి" అంటారు. నిజమే, మాడిపోతాయి. ప్లస్, మైనస్ తారుమారు చేసి వైరు తగిలిస్తే ఒక్క క్షణంలో ఈసీయూ పోవచ్చు. అయితే దానికి ఇలాజ్ ఏమిటి? తెలియనివాడికి తెలియజెప్పడమా, వాడి చేతులు కట్టెయ్యడమా? మాన్యువల్ అమ్మండి, కొనుక్కుంటాడు. సాఫ్ట్‌వేర్ న్యాయమైన రేటుకి ఇవ్వండి, నలుగురు కలిసి తీసుకుంటారు. ట్రైనింగ్ పెట్టండి, ఒక రోజు కమాయి పోయినా వచ్చి కూర్చుంటాడు. దొంగలు ఎత్తుకుపోకుండా కీకి, ఇంజన్‌కి మధ్య తాళం పెట్టారు, దానికి ఎవరూ ఎతరాజ్ చెప్పరు. బ్యాటరీ మార్చడానికి తాళం ఎందుకు? ఏ దొంగ వచ్చి మీ కారుకి కొత్త బ్యాటరీ వేసి పోతాడు?

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2012లోనే ఈ విషయంలో చట్టం చేసింది. కంపెనీ తన డీలర్‌కి ఇచ్చే రిపేరు సమాచారం బయటి మెకానిక్‌కీ ఇవ్వాలని. 2020లో వైర్‌లెస్‌గా వెళ్లే సమాచారం సంగతి తేల్చడానికి మళ్లీ ఓటు పెడితే నలుగురిలో ముగ్గురు రిపేరు హక్ వైపే వేశారు. పెట్టుబడికి పుట్టిల్లు లాంటి దేశంలోనే జనం అడిగి తీసుకున్నారు. మన దగ్గర 2022 జులైలో కేంద్రం ఒక కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబర్ 24న రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలుపెట్టింది. మొబైళ్లు, ఇంటి సామాను, వ్యవసాయ యంత్రాలతో పాటు బండ్లు కూడా అందులో ఉన్నాయి. మంచిదే. కానీ పోర్టల్ చట్టం కాదు. కంపెనీ మెడలు వంచే చట్టం ఇంకా రావాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ తాళాల వల్ల పోయేది ఎవరి రోజీ?

ఏ ఊరి ఆటోనగర్‌కైనా వెళ్లి చూడండి. విజయవాడ జవహర్ ఆటోనగర్ చూడండి, గుంటూరు చూడండి, కర్నూలు చూడండి, హైదరాబాద్ పాతబస్తీ సందులు చూడండి. ఎలక్ట్రీషియన్, డెంటర్, పెయింటర్, రేడియేటర్, సీటు కవర్లు. బోర్డుల మీద పేర్లు చదవండి. మన తాతలు సాలార్లు, జాగీర్దార్లు అని షేర్వానీ వేసుకుని చెప్పుకునేవాళ్లు చెప్పుకోనివ్వండి. మన ఇళ్లలో పొయ్యి వెలిగించింది ఈ గ్రీజు చేతులు. మనవాళ్లు జీతం ఉద్యోగాల్లో తక్కువ, సొంత చేతిపనిలో ఎక్కువ అని 2006లో సచార్ కమిటీ రాసింది. అది చదవకుండానే మనకి తెలుసు. ఉద్యోగం ఇవ్వనివాళ్లు చేతిపని నుంచి కూడా తరిమేస్తే ఇక ఎక్కడికి పోవాలి?

మిస్త్రీ దుకాణం మీద ఎవరూ బుల్డోజర్ తేవడం లేదు. వాడి చేతికి అర్థంకాని బండ్లు రోడ్డు మీదకి తెస్తున్నారు, అంతే. ఒక్కో కంపెనీకి ఒక్కో స్కానర్, ఒక్కో లైసెన్సు, ఏడాదికోసారి రెన్యూవల్. పాత బండ్లు తుక్కులోకి పోతున్నకొద్దీ వాడి గిరాకీ తగ్గుతుంది. ఒకరోజు షట్టర్ దింపేస్తాడు. ఏ పేపర్లోనూ వార్త రాదు. ఇరవై ఏళ్లుగా వార్తలు రాస్తున్నవాణ్ని, ఏది వార్త అవుతుందో ఏది అవదో నాకు తెలుసు.

కంపెనీలని తిట్టి ఊరుకుంటే సగం మాటే అవుతుంది. మిగతా సగం మన గిరేబాన్‌లోకి మనం తొంగి చూసుకునేది.

"బాగా చదవకపోతే మెకానిక్ షెడ్డులో వేస్తా." ఈ మాట అనని అబ్బా మన మొహల్లాలో ఉన్నాడా? షెడ్డు అంటే సజా అని పిల్లల బుర్రలో మనమే కూర్చోబెట్టాం. చదువులో వెనకబడ్డవాణ్ని, ఇంట్లో గరీబీ ఉన్నవాణ్ని, బాప్ లేనివాణ్ని పన్నెండేళ్లకే తీసుకెళ్లి ఉస్తాద్ దగ్గర పడేశాం. చదువుకీ హునర్‌కీ తలాక్ ఇప్పించింది కంపెనీ కాదు, మనమే. స్కానర్ స్క్రీన్ మీద పడే అక్షరాలు చదవలేకపోతే ఆ పిల్లాడి కసూరా అది? పదో తరగతి దాకా బడిలో కూర్చోనిచ్చి, తర్వాత హునర్ నేర్పిస్తే ఈ రోజు ఆ స్కానర్ వాడి చేతిలో బొమ్మలా ఆడేది.

కొందరు ఉస్తాద్‌లకి కూడా ఒక మాట, అదబ్‌తోనే. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి "బండి ఆగలేదు, డైనమో బాగుంది" అని చూపించే పాత ఆట ఇంకా ఆడుతున్నారు. అంబాసిడర్ కాలంలో చెల్లింది. ఇప్పటి బండిలో అలా పీకితే వోల్టేజీ ఒక్కసారి ఎగిసి కంప్యూటర్లని మాడ్చేస్తుంది. ఒక్క షెడ్డులో ఒక్క ఈసీయూ మాడితే కంపెనీవాళ్లు దాన్ని నూరు షెడ్ల మీద రుద్దుతారు: "చూశారా, అందుకే బయటకి వెళ్లొద్దన్నాం." మన అలవాటే వాళ్లకి దలీల్ అవుతోంది. ఉస్తాద్ అన్నవాడికి నేర్చుకోవడంలో షరమ్ ఉండకూడదు. షాగిర్ద్ ఫోన్‌లో వీడియో చూసి చెప్తే "నాకే చెప్తావా బే" అనకుండా కూర్చుని వినాలి.

జబాన్ సంగతి కూడా తెగ్గొట్టి చెప్పాలి. కారు అమ్మేటప్పుడు హోర్డింగ్ మీద తెలుగు వస్తుంది. రంజాన్ ఆఫర్ అని చాంద్, సితారా బొమ్మలతో ఉర్దూ కూడా వస్తుంది. కొన్నాక డ్యాష్‌బోర్డు అరలో దొరికే మాన్యువల్ మాత్రం, నేను తెరిచి చూసినవన్నీ, ఇంగ్లిష్‌లోనే. నేను ఉర్దూ మీడియం బడిలో చదివి, తెలుగులో డిగ్రీ చేసినవాణ్ని. రెండు జబాన్లలో రాసి బతుకుతున్నా ఆ మాన్యువల్ ముందు నాకే డిక్షనరీ కావాల్సొస్తుంది. ఇక నాలుగో తరగతిలో బడి మానేసిన కుర్రాడి సంగతేమిటి? మాన్యువల్ తెలుగులో ఇవ్వమని అడగడం భీఖ్ కాదు. లక్షలు పోసి కొన్న సామాను ఎలా వాడాలో మన భాషలో చెప్పమనడం.

ఆ మాన్యువల్ వచ్చే లోపు ఇంట్లో అందరికీ తెలియాల్సినవి ఇక్కడే రాస్తున్నాను. మగవాళ్లకే కాదు. అమ్మీకి, భాభీకి, డ్రైవింగ్ నేర్చుకుంటున్న బేటీకి ముందు చదివి వినిపించండి. రాత్రిపూట రోడ్డు మీద ఇరుక్కునేది వాళ్లయితే మన ఇజ్జత్ కబుర్లు కారు స్టార్ట్ చెయ్యవు.

కీ రిమోట్ లోపల చిన్న ఇనుప తాళంచెవి దాగి ఉంటుంది. పక్కన మీట నొక్కి లాగితే బయటకి వస్తుంది. దాంతో డ్రైవర్ డోరు తెరవొచ్చు. కొన్ని బండ్లలో తాళం రంధ్రం మీద ప్లాస్టిక్ మూత ఉంటుంది, ఎక్కడుందో ఇవాళే చూసుకోండి. లోపల ఉన్నవాళ్లు చాలా బండ్లలో హ్యాండిల్ లాగితే బయటకి రావొచ్చు. కానీ వెనక డోర్లకి చైల్డ్ లాక్ వేసి ఉంటే రాలేరు, కరెంటు అద్దాలు దిగవు. మే నెల ఎండలో పిల్లల్ని కారులో వదిలి "ఒక్క నిమిషం" అని దుకాణంలోకి వెళ్లేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు.

బండి బ్యాటరీ బాగుండి రిమోట్‌లో సెల్ అయిపోతే, రిమోట్‌ని స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కితే చాలా బండ్లు గుర్తుపడతాయి. కొన్నిటిలో ఆ చోటు వేరుగా ఉంటుంది.

ఇంకో బండి నుంచి కరెంటు ఇవ్వాలంటే వరస తప్పకూడదు. రెండు బండ్లూ ఒకదానికొకటి తగలకూడదు, ఇంజన్లు ఆపి ఉండాలి. ఎర్ర వైరు ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్‌కి, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కి. నల్ల వైరు మంచి బ్యాటరీ మైనస్‌కి. నల్ల వైరు రెండో కొస చచ్చిన బ్యాటరీ మైనస్‌కి కాదు, ఆ బండి ఇంజన్ మీద రంగు లేని ఇనుముకి, బ్యాటరీకి దూరంగా. ఎందుకంటే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది, చివర్లో తగిలించేటప్పుడు చిన్న నిప్పురవ్వ లేస్తుంది. ఆ రెండూ కలిస్తే బ్యాటరీ పేలుతుంది, యాసిడ్ కళ్లల్లో పడుతుంది. తర్వాత మంచి బండి స్టార్ట్ చేసి కొన్ని నిమిషాలు ఆగి, చచ్చిన బండి సెల్ఫ్ కొట్టాలి. తీసేటప్పుడు వరస తిరగేయాలి. డిక్కీలో బ్యాటరీ ఉన్న బండ్లలో చాలావాటికి బోనెట్ కింద ప్లస్ గుర్తుతో ఎర్ర మూత ఉంటుంది, అక్కడ తగిలించొచ్చు. బండి లేచిందని ఖుష్ అయిపోకండి. ఊళ్లో అరగంట తిప్పితే బ్యాటరీ నిండదు. ఛార్జర్ పెట్టించాలి, లేదా మార్చాలి.

ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్లు "మాకు ఈ బాధ లేదు" అని నవ్వుకుంటుంటే వాళ్లకి కూడా ఒక ఖబర్. చాలా ఎలక్ట్రిక్ కార్లలో పెద్ద బ్యాటరీతో పాటు 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది చస్తే పెద్దదానికి తలుపు తెరిచే స్విచ్ పడదు. కింద లక్షల రూపాయల బ్యాటరీ నిండుగా ఉన్నా బండి నేల మీద ఇనుప సందూకే. అక్కడ మాత్రం నారింజ రంగు వైర్ల జోలికి ఎవరూ పోకండి. అది ప్రాణం తీసే వోల్టేజీ. ఆ బండి నుంచి ఇంకో బండికి కరెంటు ఇవ్వొచ్చా లేదా మాన్యువల్ చూడకుండా ఇవ్వకండి.

పాత బ్యాటరీని కబాడీకి అమ్మి నాలుగు రూపాయలు ఎక్కువ తెచ్చుకుందామనే ఆశ వదులుకోండి. దాన్ని ఏ సందులోనో పగలగొట్టి సీసం కరిగిస్తారు. ఆ పొగ పీల్చేది కూడా మన బస్తీల పిల్లలే, సీసం వాళ్ల బుర్రలని దెబ్బతీస్తుంది. కొత్తది కొన్న చోటే పాతది ఇచ్చి బిల్లులో తగ్గించుకోండి. 2022 నాటి బ్యాటరీ వేస్ట్ రూల్స్ ప్రకారం పాతవాటిని తిరిగి తీసుకునే జిమ్మేదారీ తయారు చేసినవాళ్లదే.

ఇక చెయ్యాల్సిన పని. ఒంటెని కట్టేసి తర్వాత తవక్కుల్ చెయ్యాలన్న సంగతి మనలో ప్రతి పిల్లాడికీ తెలుసు. మరి కట్టే తాడు ఏది?

ప్రతి ఊళ్లో మనకి అంజుమన్‌లు ఉన్నాయి, మస్జిద్ కమిటీలు ఉన్నాయి, మెకానిక్‌ల అసోసియేషన్లు ఉన్నాయి. జల్సాకి, స్టేజీకి, లైటింగ్‌కి చందా పోగవుతుంది. ఒక్కసారి ఆ చందాతో పది షెడ్లకి కలిపి ఒక మంచి స్కానర్ కొనండి. ఒక్కడు కొనలేనిది పదిమంది కొనగలరు. ఏళ్ల తరబడి పని చేసి కాగితం లేనివాళ్లకి ముందు నేర్చుకున్న పనిని గుర్తించి సర్టిఫికెట్ ఇచ్చే సర్కారీ పథకం ఉంది, ఆర్‌పీఎల్ అంటారు. మన మిస్త్రీలని అక్కడికి తీసుకెళ్లండి. పది పాసైన పిల్లల్ని ఐటీఐలో ఎలక్ట్రిక్ బండ్ల మెకానిక్ ట్రేడ్‌కి దరఖాస్తు చేయించండి, సాయంత్రం ఉస్తాద్ దగ్గర కూర్చోబెట్టండి. ఉదయం తాలీమ్, సాయంత్రం హునర్. షోరూమ్‌లో వారంటీ పేరుతో బెదిరిస్తే రాసి ఇవ్వమనండి. ఇవ్వకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి, కంప్లైంట్ నంబర్ తీసుకోండి. ఓటు అడగడానికి వచ్చే నాయకుణ్ని ఈసారి ఖబ్రస్తాన్ గోడ ఒక్కటే అడగకండి. రిపేరు హక్ చట్టం ఎప్పుడు తెస్తారో కూడా అడగండి.

కారు మనది, పైసా మనది, కిస్తీ మనం కడుతున్నాం. బోనెట్ తెరవడానికి ఇంకొకడి ఇజాజత్ కావాలంటే అది మిల్కియత్ కాదు, కిరాయి. రేపు జుమ్మా అయ్యాక మీ సందు చివర మిస్త్రీ దుకాణం ముందు ఒక్క ఐదు నిమిషాలు ఆగండి. సలాం చేసి, "చాచా, కొత్త బండ్లకి నీకు ఏ సామాను కావాలి?" అని అడగండి. వాడు చెప్పిన చిట్టీ తీసుకుని కమిటీ దగ్గరికి వెళ్లండి. అక్కడి నుంచి మొదలుపెడదాం.

ఖుదా హాఫిజ్.